ముందే పంచిన అరిసెలు

రబ్బరు బొమ్మ

మా ఎదురింటి అమ్మాయికి అంగన్‌వాడీలో ఉద్యోగం వచ్చింది. మొన్న మైసూర్‌పాకు పట్టుకుని వచ్చి, "అమ్మమ్మ గారూ, మీరూ ఇదే పని చేశారట కదండీ, నాలుగు మాటలు చెప్పండి" అంది. నేను మొదలుపెట్టాను. గంటన్నర గడిచాక ఆ పిల్ల మెల్లగా లేచి, "రాసి పెట్టండి అమ్మమ్మ గారూ, తీరిగ్గా చదువుకుంటాను" అంది. నన్ను వదిలించుకోవడానికి అన్న మాటే అయినా సలహా బాగానే ఉంది. అందుకని రాస్తున్నాను. అమ్మాయ్, చదవకపోతే మాత్రం ఊరుకోను.

ఏ సంవత్సరం చేరాను, ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, పెన్షన్ కాగితాల కోసం ఎన్ని చెప్పులు అరగదీశాను, ఇవేవీ రాయను. వాటివల్ల నాకు రక్తపోటు రావడం తప్ప ఎవరికీ ప్రయోజనం లేదు. ఊరి పేర్లు కొన్ని దాచాను, మనుషుల పేర్లు మార్చాను.

అరవైల్లో, డెబ్భైల్లో నేను గ్రామసేవికని. తెనాలి నుంచి రేపల్లె దాకా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, పసిపిల్లలున్న తల్లులతో మాట్లాడటం నా పని. ఏం తినిపించాలి, ఎలా ఆడించాలి, ఎప్పుడు నేల మీద వదలాలి, మాటలు రావాలంటే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి, ఇలాంటివి చెప్పాలి. ఇవన్నీ నాకు బాపట్లలో శిక్షణలో నేర్పారు. అక్కడ ఒక రబ్బరు బొమ్మ ఉండేది. దానికి నీళ్ళు పోశాం, తుడిచాం, పౌడరు రాశాం, ఎత్తుకున్నాం, పడుకోబెట్టాం. అది ఏడవదు, తన్నదు, ఒళ్ళో ఏ పనీ చేయదు. మా బ్యాచిలో నాకే అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి.

వేమూరు దగ్గర ఒక ఊళ్ళో మొదటి ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చున్న ముసలావిడ నేను చెప్పినదంతా శ్రద్ధగా విని, "నీకెంతమంది పిల్లలమ్మాయ్?" అని అడిగింది.

"నాకింకా పెళ్ళి కాలేదండి."

ఆవిడ పక్కింటి వైపు తిరిగి, "ఇదిగో సుబ్బులూ, ఇట్లా రా. ఈ అమ్మాయి మనకి పిల్లల్ని పెంచడం నేర్పుద్దంట. ఇంకా పెళ్ళి కాలేదంట" అని కేకేసింది. ఆ సుబ్బులుకి ఎనిమిది మంది పిల్లలు. ఆఖరి వాణ్ణి తెచ్చి నా ఒళ్ళో వేసి, "ముందు వీణ్ణి పట్టుకోమ్మా, తర్వాత చెబుదువు గాని" అంది. వాడు రబ్బరు బొమ్మ కాదన్న సంగతి నాకు ఒక్క నిమిషంలో తెలిసింది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన వాయిల్ చీర, దాని పని అయిపోయింది. ఆ తడి చీరతోనే బస్సెక్కి తెనాలి వచ్చాను. దారి పొడుగునా నా పక్క సీటు ఖాళీగానే ఉంది.

కుర్చీ వేస్తే కూర్చోకు

మా పై అధికారి ముఖ్యసేవిక మహాలక్ష్మమ్మ గారు. ముక్కుమీద కోపం, మనసు మాత్రం వెన్న. నా తడి చీర కథ విని నవ్వలేదు. "వాళ్ళు నీకు కుర్చీ వేశారా?" అని అడిగారు.

"వేశారండి."

"నువ్వు కూర్చున్నావా?"

"కూర్చున్నానండి."

"అదే నువ్వు చేసిన తప్పు. కుర్చీలో కూర్చున్నావంటే నువ్వు గవర్నమెంటు. చాప మీద కూర్చుంటే ఆడపిల్లవి. ఇంకోటి, చేతులు ఊరికే పెట్టుకుని మాట్లాడేవాళ్ళని ఏ ఇల్లాలూ నమ్మదు. వాళ్ళు గోంగూర వలుస్తుంటే నువ్వూ వలువు. చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యి. మాట దానంతటదే వస్తుంది."

నా సర్వీసంతా కలిపి నేను వలిచిన గోంగూరతో ఒక ఊరు ఊరంతటికీ పచ్చడి పట్టొచ్చు. కానీ ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఏ తల్లీ నాకు ఎదురుగా కూర్చుని నిజం చెప్పలేదు. ఆకుల వైపు చూస్తూ చెప్పింది.

మా బ్లాకుకంతా పెద్ద అయిన బి.డి.ఓ. గారు వేరే రకం. మంచివాడే, కానీ కంటికి కనపడేదే పని అని ఆయన నమ్మకం. ఒకసారి పసిపిల్లలు ఆడుకోవడానికి రంగురంగుల చెక్కముక్కలు పెట్టెల్లో వచ్చాయి. ఇంటికో పెట్టె ఇచ్చాం. ఆర్నెల్ల తర్వాత ఆయన తనిఖీకి వచ్చారు. మొదటింట్లో ఆ పెట్టె దేవుడి గూట్లో ఉంది, మూతకి కుంకుమ బొట్టు కూడా పెట్టారు. రెండో ఇంట్లో బీరువాలో, పట్టుచీరల కింద దొరికింది. మూడో ఇంటాయన తాళంచెవి కోసం పొలానికి మనిషిని పంపాడు. "చూశారా, ఎంత భద్రంగా దాచుకున్నారో" అని బి.డి.ఓ. గారు పొంగిపోయారు.

తిరిగొచ్చేటప్పుడు మహాలక్ష్మమ్మ గారు జీపులో నా చెవి దగ్గర, "ఒక్క ముక్కకైనా పంటి గాటు ఉందేమోనని చూశాను. లేదు" అన్నారు. అప్పట్నుంచి నేను ఆఫీసు బొమ్మల మాటెత్తడం మానేశాను. వెళ్ళిన ఇంట్లో ఏముందో అదే తీసి పిల్లల ముందు పెట్టేదాన్ని. గరిటె, గిన్నె మూత, కొబ్బరి చిప్ప, తాటిబుర్రల బండి, అన్నీ ఆటవస్తువులే. వాటిని ఎవరూ దేవుడి గూట్లో పెట్టరు.

గోడపటం, గారెలు

ఆఫీసు వాళ్ళు ఇంకో ఆయుధం కూడా ఇచ్చారు. అది గోడపటం. ఏ నెలలో తల నిలపాలి, ఏ నెలలో పాకాలి, ఏ నెలలో నడవాలి అని వరసగా బొమ్మలు. బొమ్మల్లో ఉన్నది దొరల పిల్లవాడు, పాలపిండి డబ్బా మీద ఉండేలాంటి బంగారు రంగు జుట్టు వాడు. నేను పటం విప్పగానే ఆడవాళ్ళందరూ దగ్గరికొచ్చి వాణ్ణి చూసి జాలిపడ్డారు. "పాపం, ఇంత పసివయసులో జుట్టు నెరిసిపోయిందేంటమ్మా? బాలనెరుపా? ఉసిరికాయ నూనె రాయమని చెప్పు వాళ్ళమ్మకి" అన్నారు. ఆ రోజు ఎంత గింజుకున్నా మాట మళ్ళీ మన పిల్లల మీదికి రాలేదు.

అసలు చిక్కు నెలలతో వచ్చేది. "బాబు ఎప్పుడు పాకాడండీ?" అంటే, "పాకాల్సినప్పుడే పాకాడమ్మా" అనేవారు. అంతకుమించి ఒక్క ముక్క రాబట్టలేకపోయేదాన్ని. కానీ మన వైపు ఒక ఆచారం ఉంది కదా. పిల్ల బోర్లా పడిన రోజున ఇంట్లో బొబ్బట్లు చేసి పంచుతారు. గడప దాటితే గారెలు. అడుగులు వేస్తే అరిసెలు. మాటలొస్తే పంచదార చిలకలు. ఒకసారి మాటవరసకి, "మీ వాడికి గారెలు ఎప్పుడు పంచారండీ?" అని అడిగాను. ఆ తల్లి నోరు తెరవకముందే చుట్టూ ఉన్న నలుగురూ అందుకున్నారు. "మా చెల్లెలి తాంబూలాలకి ముందు శుక్రవారం." "కాదు, గురువారం." "ఉప్పు ఎక్కువైంది." "మాకు మూడే పంపారు."

నాకు కావలసినది దొరికింది. ఏ పిల్ల ఎప్పుడేం చేసిందో రాసుకునే నా పుస్తకంలో ఆ రోజే గళ్ళ పేర్లు మార్చేశాను. బొబ్బట్లు, గారెలు, అరిసెలు, చిలకలు. పటం చుట్టి అటక మీద పడేశాను. ఏ పిల్ల ఆలస్యమైందో, ఎవరింటికి మళ్ళీ వెళ్ళాలో ఇట్టే తెలిసిపోయేది. మహాలక్ష్మమ్మ గారు చూసి, "బి.డి.ఓ. గారికి మాత్రం చూపించకు, ఆయనకి ఆకలేస్తుంది" అన్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను. అలా మురిసిపోయిన ప్రతిసారీ నాకు ఏదో ఒక దెబ్బ తగిలింది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

మాట్లాడండి అంటే

బాపట్ల దగ్గర ఒక రైతు ఇంట్లో పిల్లవాడికి ఏడాదిన్నర దాటినా మాటల్లేవు. తల్లి నోరు విప్పని మనిషి. తండ్రితో, "మీరైనా వాడితో మాట్లాడండి, ఏదో ఒకటి చెబుతూ ఉండండి" అన్నాను. ఆయన సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. ఆ రోజుల్లో మగవాళ్ళు తమ తండ్రి ఎదుట సొంత బిడ్డని ఎత్తుకునేవారు కాదు, అది మర్యాద కాదనుకునేవారు. "మా నాన్న చూస్తే బాగుండదండి" అన్నాడు. "అయితే ఆయన లేని చోట మాట్లాడండి" అన్నాను.

ఆయన పిల్లవాణ్ణి రోజూ గొడ్లచావిట్లోకి తీసుకెళ్ళి మాట్లాడాడు. పసివాడితో ఏం మాట్లాడాలో తెలియక, మనసులో ఉన్నదే చెప్పుకొచ్చాడు. కాలవకి నీళ్ళు రాలేదనీ, లాకులు ఇంకా ఎత్తలేదనీ, లాకుల దగ్గర మనిషి మాట వినడనీ, నారు ఎండిపోతుందనీ. రెండు నెలలకి పిల్లవాడు నోరు విప్పాడు. అమ్మ అనలేదు, నాన్న అనలేదు. "లాకు" అన్నాడు. వాళ్ళ నాయనమ్మ నా మీదికి పోట్లాటకొచ్చింది. తాతగారు మాత్రం, "వ్యవసాయం వీడికి అప్పుడే వచ్చేసింది" అని ఊరంతా చిలకలు పంచాడు. అమ్మాయ్, మాట్లాడమని చెప్పు. ఏం మాట్లాడాలో మాత్రం నువ్వు చెప్పొద్దు.

రత్తమ్మ గారి మనవడు

ఇక నాకు తగిలిన దెబ్బ. వేమూరు దాటాక రేపల్లె దారిలో ఒక ఊళ్ళో రత్తమ్మ గారనే పెద్దావిడ ఉండేవారు. మాగాణి ఉన్న ఇల్లు. కొడుక్కి పెళ్ళయిన ఆరేళ్ళకి మనవడు పుట్టాడు. కోడలు సరోజ, ఇద్దరు పెళ్ళికాని ఆడపడుచులు, రత్తమ్మ గారు, మొత్తం నలుగురు ఆడవాళ్ళు. పిల్లవాడు ఒక చంక దిగితే ఇంకో చంక ఎక్కేవాడు.

నేను మొదటిసారి వెళ్ళేసరికి వాడికి పదో నెల. ఆ ముందు రోజే అరిసెలు పంచారట. నాకూ రెండు పెట్టారు, నువ్వులద్దినవి, చాలా బాగున్నాయి. 'అరిసెలు, పదో నెల' అని రాసుకున్నాను. నడవడంలో ఇంత ముందున్న పిల్లవాడు నా పుస్తకంలో ఇంకొకడు లేడు. ఇక ఆ ఇంటికి పనేముందని ఏడెనిమిది నెలలు అటు వెళ్ళలేదు. పైగా వేరే ఊళ్ళలో వాడి సంగతి చెప్పి గొప్పలు పోయాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు వాడు రత్తమ్మ గారి చంకలోనే ఉన్నాడు. "బాగా నడుస్తున్నాడా అండీ?" అన్నాను.

"నడవడమేంటమ్మా, పరిగెడుతున్నాడు. ఇప్పుడే నిద్ర లేచాడు, మత్తుగా ఉంది."

తర్వాతి వారం వెళితే కాలికి ముల్లు గుచ్చుకుందన్నారు. ఆ తర్వాతి వారం కొత్త చెప్పులు కుట్టిస్తున్నామనీ, అవి వచ్చేదాకా నేల మీద దింపేది లేదనీ అన్నారు. నాలుగోసారి, "మంగళవారం నడిపించం" అన్నారు. మంగళవారం గోళ్ళు తీయరని తెలుసు గానీ, నడవకూడదని నేనెక్కడా వినలేదు.

ఐదోసారి రత్తమ్మ గారు ఇంట్లో లేరు. సరోజ ఒక్కతే వంటింట్లో ఉంది. "ఒక్కసారి దింపు సరోజా" అన్నాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది, దింపింది. వాడు కూర్చున్నాడు. చేతులు పట్టి లేపితే కాళ్ళు రెండూ పైకి ముడుచుకున్నాడు. పాదం నేలకి ఆనించలేదు.

కాస్త ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆ ముందు నెలే తెనాలిలో మాకు పోలియో గురించి రెండు రోజులు పాఠాలు చెప్పారు. బుర్రనిండా అదే ఉంది. "పోలియో ఏమో" అన్నాను.

ఆ ఒక్క మాటతో ఇల్లు తలకిందులైంది. సరోజ అన్నం మానేసింది. మొగుడికి చెప్పింది, మొగుడు తల్లికి చెప్పాడు. సరోజ మేనమామ ఒకాయన కొంచెం కుంటుతాడు, చిన్నప్పుడు బండి మీదనుంచి పడ్డాడట. రత్తమ్మ గారికి అది గుర్తొచ్చింది. "మీ పుట్టింటి నుంచే తెచ్చావు" అన్నారు. పిల్లవాడికి నీళ్ళు పోయడం, అన్నం పెట్టడం, పడుకోబెట్టడం అన్నీ కోడలి చేతుల్లోంచి లాగేసుకున్నారు. నన్ను తమ గడప తొక్కొద్దన్నారు. ఆరేళ్ళు ఎదురుచూసి కన్న బిడ్డని సరోజ తన ఇంట్లోనే దూరం నుంచి చూస్తూ తిరిగేది. దానికి కారణం నేను. చదువుకున్నదాన్నని నోరు జారినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అమ్మాయ్, జబ్బు పేరు నీ నోటితో ఎప్పుడూ అనకు. అనడానికి డాక్టర్లున్నారు.

మహాలక్ష్మమ్మ గారికి చెప్పుకుని ఏడ్చాను. "ఏడిస్తే అన్న మాట వెనక్కొస్తుందా? వాళ్ళని తెనాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అన్నారు.

"గడప తొక్కనివ్వరండి."

"తొక్కకు. బయట నిలబడు."

వెళ్ళి వాకిట్లో దూడ పక్కన నిలబడ్డాను. మొదటి రోజు రత్తమ్మ గారు నన్ను చూడనట్టే కళ్ళాపి చల్లారు, సగం నా కాళ్ళ మీద పడింది. రెండో రోజు మిగతా సగం కూడా పడింది. మూడో రోజు దూడ నా కొంగు నమిలేసింది. అప్పుడు ఆవిడ, "ఎండకి ఇక్కడ పడిపోతే మా మీదికొస్తుద్ది, లోపలికి రా" అన్నారు. వాళ్ళబ్బాయి కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. మర్నాడు రత్తమ్మ గారూ, నేనూ, పిల్లవాడూ తెనాలి వెళ్ళాం. సరోజని రానివ్వలేదు.

డాక్టరు గారు పెద్దాయన. మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టారు. పిల్లవాడు ఈడ్చి తన్నితే ఆయన కళ్ళజోడు ఎగిరి పడింది. "ఈ కాళ్ళకేం రోగం లేదమ్మా, ఉంటే నా జోడు బతికేది. వీణ్ణి నేల మీద ఎప్పుడైనా వదిలారా?" అని అడిగారు.

"నేల మీద ఎందుకు వదులుతామండీ, ఎత్తుకోడానికి మనుషులం లేమా?" అన్నారు రత్తమ్మ గారు.

"ఉన్నారు. అదే వీడి జబ్బు" అన్నారాయన.

వచ్చేటప్పుడు రేపల్లె పాసింజరులో, కిటికీ బయటికి చూస్తూ, ఆవిడ తనంతట తానే చెప్పారు. ఎదురిల్లు వాళ్ళ తోటికోడలిది. ఆవిడ మనవడు మన వాడికన్నా పదిహేను రోజులు చిన్న, కానీ అప్పటికే గోడ పట్టుకుని నిలబడుతున్నాడట. "వాళ్ళు ముందు అరిసెలు పంచితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? అందుకని పాకం పట్టేశాను. వీణ్ణి చంకల కింద పట్టుకుని అరిసెల మీద నడిపించాను. అడుగులు వేశాడమ్మా. నేను పట్టుకున్నాననుకో."

అరిసెలు ఊరంతా తిన్నారు. పిల్లవాడు నడిచాడని ఊరికంతా తెలుసు. ఇక వాణ్ణి వాకిట్లో దింపితే నడవలేడన్న సంగతి బయటపడుతుంది. ఎవరైనా వస్తే చాలు, చటుక్కున చంకనేసుకోవాలి. మన ఊళ్ళలో ఇంటికి ఎవరో ఒకరు రాని ఘడియ ఉందా? అలా వాడు నేల మొహం చూడకుండానే ఏడాదిన్నర వాడయ్యాడు. నడిచాడని పంచారు కాబట్టి నడవడం నేర్పలేకపోయారు.

నాకు నవ్వొచ్చింది, కానీ ఆ అరిసెలు నేనూ తిన్నాను. తిని, పుస్తకంలో రాసి, ఏడెనిమిది నెలలు ఆ ఇంటి వైపు చూడలేదు. చూడాల్సింది వాడి కాళ్ళు. నేను చూసింది పళ్ళెం.

రేపల్లె గది

ఊళ్ళో నేర్పడానికి వీల్లేదు కాబట్టి, అప్పటికి రేపల్లెలో నేను తీసుకున్న అద్దె గదికి తీసుకురమ్మన్నాను. వారానికి రెండు సార్లు పొద్దున బస్సులో వచ్చేవారు. ఊళ్ళో వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా, కంటి డాక్టరుకి చూపిస్తున్నామని చెప్పారు. ఇంకేముంది, పిల్లవాడి చూపు పోతోందని ఊరంతా బెంగపెట్టుకుంది. కళ్ళకి మంచిదని తలా ఒక పొన్నగంటి కూర కట్ట తెచ్చివ్వడం మొదలుపెట్టారు. ఎదురింటి తోటికోడలు రోజూ పంపేది. రెండు నెలల పాటు ఆ ఇంట్లో పొన్నగంటి పప్పు, పొన్నగంటి వేపుడు, పొన్నగంటి పులుసు. సరోజ మొగుడు ఆ తర్వాత జన్మలో ఆ కూర ముట్టలేదు.

సరోజని కూడా తీసుకురమ్మని అడిగాను. "అది వస్తే వాడు దాని చంక దిగడు" అన్నారు. గట్టిగా అడిగే మొహం నాకెక్కడిది?

పిల్లవాడికి నడక నేర్పడం ఏమంత కష్టం కాలేదు. కష్టమంతా రత్తమ్మ గారితోనే. "వదలండి అత్తయ్య గారూ" అని నేనంటే, "వదిలాను కదమ్మా" అనేవారు. చూస్తే వాడి మొలతాడు ఆవిడ వేలికి చుట్టుకుని ఉండేది. అది విడిపిస్తే చొక్కా అంచు పట్టుకునేవారు. నేల చల్లగా ఉందనేవారు, చీమలున్నాయనేవారు. చీమ లేదని నేను కొంగుతో గదంతా తుడిచి చూపిస్తే, "అది వెళ్ళిపోయి ఉంటుంది, మళ్ళీ వస్తుద్ది" అనేవారు. గది అద్దెకిచ్చిన మా ఇంటావిడ దగ్గర మూడు చక్రాల చెక్కబండి ఉంటే అడిగి తెచ్చాను. వాడు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు, తోశాడు, పడ్డాడు. వాడు నవ్వాడు, ఆవిడ ఏడ్చారు. మా ఇంటావిడ తలుపు దగ్గరికొచ్చి, "ఎవరికండీ దెబ్బ తగిలింది, మీకా వాడికా?" అని అడిగి వెళ్ళిపోయింది.

ఆరేడు వారాలు గడిచాయి. ఒక రోజు నేను స్టవ్ దగ్గర కాఫీ కలుపుతున్నాను. బస్సులో వచ్చిన బడలికకి రత్తమ్మ గారు గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నారు, చేతులు రెండూ ఒళ్ళో పడి ఉన్నాయి. వాడు బండి పట్టుకుని నిలబడి ఆవిడ వైపు చూశాడు. బండి వదిలేశాడు. ఒక అడుగు, ఇంకో అడుగు, మొత్తం నాలుగు. ఆవిడ మోకాలి మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాడు. ఆవిడ కళ్ళు తెరిచేసరికి మొహానికి మొహం ఎదురుగా మనవడు, బండి అక్కడెక్కడో దూరంగా.

ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. నాకూ అంతే. కాఫీ పొంగి స్టవ్ ఆరిపోయింది. కాసేపటికి నేను పుస్తకం తీశాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"రాయొద్దమ్మాయ్."

"ఏమండీ?"

"దొంగ అడుగులు వేయించిన రోజున సరోజని వంటింట్లో పొయ్యి ముందు కూర్చోబెట్టాను. బిడ్డ కాళ్ళ వైపు చూడను కూడా లేదు అది. ఇప్పుడు నిజం అడుగులు కూడా నేనే చూశానని ఇంటికెళ్ళి ఏ మొహంతో చెప్పను?" కొంగుతో మొహం తుడుచుకున్నారు. "మనిద్దరం చూడలేదు. వీడు ఇంకా నడవలేదు. వాళ్ళమ్మ చూసినప్పుడే నడిచినట్టు."

ఇంటికెళ్ళాక వాణ్ణి సరోజకి ఇచ్చేసి, "నాకు ఒళ్ళు నెప్పులుగా ఉంది, ఇక నువ్వే చూసుకో, వాకిట్లోనే వదులు, ఎవరేమనుకుంటే నాకేంటి" అన్నారట. నాకు తర్వాత తెలిసింది.

మరుసటి వారం నేను వెళ్ళేసరికి సరోజ వాకిట్లోకి ఎదురొచ్చింది. "అక్కా, మొన్న బాబు నడిచాడు. ఐదు అడుగులు. నా దగ్గరికే వచ్చాడు. ఎవరూ లేరు, నేనొక్కదాన్నే చూశాను. అత్తయ్యకి చెబితే నమ్మట్లేదు."

రత్తమ్మ గారు అరుగు మీద మినప్పప్పు ఏరుతున్నారు. తలెత్తకుండా, "నేను చూస్తే గాని నమ్మను. ఇది ఏదో భ్రమపడింది" అన్నారు.

"నేనూ చూస్తే గాని నమ్మను సరోజా" అన్నాను.

సరోజ వాణ్ణి వాకిటి మధ్యలో దింపి, ఐదారు అడుగుల దూరంలో కూర్చుని చేతులు చాచింది. ఎదురింటి తోటికోడలు పొన్నగంటి కూర కట్టతో అప్పుడే గుమ్మంలోకొచ్చి ఆగిపోయింది. రత్తమ్మ గారు పప్పు పళ్ళెం పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. ఒకసారి ముందుకి వంగి, మళ్ళీ చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నారు. వాడు ఊగాడు, నిలబడ్డాడు, వాళ్ళమ్మ దగ్గరికి నడిచి వెళ్ళాడు.

"అవునే సరోజా, నడిచాడే. నువ్వే ముందు చూశావు" అన్నారు రత్తమ్మ గారు, ఎదురింటావిడ కూడా వినేటట్టు.

రత్తమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది. సరోజ ఇప్పుడు బాపట్లలో ఆ కొడుకు దగ్గరే ఉంటోంది. వాకిట్లో వేసిన ఐదు అడుగుల సంగతి మనవలకి ఇప్పటికీ చెబుతుందట, అత్తయ్యకన్నా నేనే ముందు చూశానని. అమ్మాయ్, ఈ కాగితాలు నువ్వు చదువుకో, నీతో పనిచేసే వాళ్ళచేత చదివించు. బాపట్ల వైపు మాత్రం పోనివ్వకు.